దరఖాస్తులో ఎంత చెప్పవలెను?

పూర్వము ఉద్యోగార్థులు తండ్రి పేరు, పుట్టిన తేది, శాశ్వత చిరునామా వ్రాసి, అడుగున సంతకము చేసి దరఖాస్తును తపాలాలో వేసెడివారు. ఆ కాగితము ఒక కార్యాలయమునకు చేరి, ఒక ఫైలులో ఉండెడిది. దరఖాస్తు ఇంటర్నెట్టులోనికి మారినను ఆ అలవాటు పోలేదు. ఉద్యోగముల వెబ్‌సైటులో ఉంచిన బయోడేటాను, రుసుము చెల్లించిన సంస్థలెన్నియో చూడగలవు. వానిలో సంస్థ పేరు తగిలించుకొన్న మోసగాడును ఉండవచ్చును.

మొదటి పరిశీలనకు కావలసినది చదువు, అనుభవము, ఊరి పేరు, ఫోను నంబరు, ఈమెయిలు, అంతే. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరములు ఉద్యోగము ఖాయమైన పిమ్మటి మాట. పాన్ నంబరు, సంతకపు నకలు దొరికినచో ఇతరులు మీ పేరిట అప్పు తీసికొనుటకు యత్నింపవచ్చును. ఆధార్ ఇయ్యక తప్పనిచో, 12 అంకెలలో చివరి 4 మాత్రమే కనబడు ప్రతి యొకటి కలదు. యుఐడిఎఐ వెబ్‌సైటునుండి దానిని పొందవచ్చును. ఓటీపీని ఫోనులో చెప్పుమని నిజమైన యజమాని యెవ్వడును అడుగడు.

“అడిగినది ఇయ్యనిచో అవకాశము పోవునేమో” అని యువకులు మాతో అనుచుందురు. ఉద్యోగమునకై తిరుగువానికి కాదనుటకు నోరెట్లు వచ్చును? అయినను, ప్రకటనలోని నంబరునకు గాక, సంస్థవారి స్వంత వెబ్‌సైటులోని నంబరునకు ఫోను చేసి విచారించుట తప్పు కాదు. రిజిస్ట్రేషను రుసుమని డబ్బు పంపి మోసపోయినచో, సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930కు తెలుపవలెను. సొమ్ము ఇంకను మోసగాని చేతికి చిక్కకున్నచో బ్యాంకులు దానిని నిలుపగలవు.