జిడ్డు మొహం తప్పు కాదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. మన చీపురుపల్లి వైపు నుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లలు మొహానికి చున్నీ, రుమాలు కప్పుకుని నా దగ్గరకు వస్తుంటారు. 'జిడ్డు మొహం' అన్న వెక్కిరింత పడలేక బడి మానేస్తామన్నవాళ్లూ ఉన్నారు.

జిడ్డు మురికి కాదు. చర్మంలోని గ్రంథులు సీబమ్ అనే నూనెను తయారుచేస్తాయి. చర్మానికి అదే కాపు. ఎదిగే వయసులో ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల ఆ నూనె ఎక్కువవుతుంది. రంధ్రాలు మూసుకుపోతే మొటిమలు లేస్తాయి. సున్నిపిండితో గట్టిగా రుద్దితే ఇంకా రేగుతాయి.

రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు మరోసారి, ఘాటులేని సబ్బుతో కడుక్కుంటే చాలు. తలనూనె నుదుటి మీదికి కారనివ్వద్దు. మొటిమలు గిల్లొద్దు. సరైన మందు వాడినా తగ్గడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

ఆ ఓపిక లేకనే పిల్లలు స్టెరాయిడ్ క్రీముల పాలవుతున్నారు. బెటామెథసోన్, క్లోబెటసోల్ ఉన్న ట్యూబు రాస్తే మొదట మొహం తేటపడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు పెరుగుతాయి. ఆపితే మంట. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. అయినా చీటీ లేకుండా కొంటున్నారు.

మాస్టార్లూ, తరగతిలో ఆ వెక్కిరింతను ఆపండి. తల్లిదండ్రులైన మిత్రులారా, ఇంట్లో ఉన్న ట్యూబు మీద పేరు ఈ రాత్రే చదవండి. స్టెరాయిడ్ అయితే పిల్లల్ని తిట్టకుండా డాక్టరుకు చూపించండి.