మీటని తంత్రి మ్రోగుట



ఐనవిల్లిలో సిద్ధివినాయకుని గుడిగంటను కొట్టిన పిదప, చేయి తీసినను ఆ నాదము కొంతతడవు నిలుచుట మీ రెఱిగినదే. కొట్టిన గంట మ్రోగుటలో వింత లేదు. కాని గోడకు చేరవేసిన వీణ, ఎవ్వరును తాకకయే, ఎదుట పాడువారి గొంతునకు సన్నగా బదులు పలుకుట కలదు. ఇది శకునము కాదు, గాలిచేష్టయు కాదు. ప్రకృతిధర్మము. దీనినే శాస్త్రజ్ఞులు అనునాద మందురు.

అట్లతద్దినాటి ఉయ్యాలను తలచుకొనుడు. ఉయ్యాల కొక సహజమైన లయ కలదు. ఆ లయ ననుసరించి చిన్నపిల్ల మెల్లగా త్రోసినను అది క్రమముగా పైకి లేచును. లయ తప్పి త్రోసినచో ఎంత బలశాలికైనను అది లొంగదు. తంత్రియు నట్టిదే. దాని లయ సెకనుకు కొన్ని వందల కంపనములు. త్రోయునది గాలియందలి నాదతరంగము.

తంత్రి లయను నిర్ణయించునవి మూడు: పొడవు, బిగువు, బరువు. ఈ నియమములను 1636లో ఫ్రాన్సు దేశీయుడగు మెర్సెన్ ప్రకటించెను. పొడవు సగమైనచో కంపనసంఖ్య రెట్టింపగును. బిగువు వలన రెట్టింపు కావలెనన్న, బిగువును నాలుగింతలు చేయవలెను.

ఇంట వీణ గలవారు ఈ పరీక్షను చేసి చూడవచ్చును. సారణి తంత్రిని షడ్జమునకును, మంద్రతంత్రిని దాని క్రింది షడ్జమునకును సరిగా శ్రుతి చేయుడు. చిన్న కాగితపుముక్కను మడిచి మంద్రతంత్రిపై నాలుగవవంతు దూరమున నుంచి, సారణిని మీటుడు. తాకని మంద్రతంత్రిపై కాగితము ఎగిరిపడును. అదే కాగితమును తంత్రి నడుమ నుంచినచో కదలక నిలుచును. ఏలయన, పై షడ్జమునకు బదులు పలుకునపుడు మంద్రతంత్రి రెండు భాగములుగా కంపించును. నడిమి బిందువు నిశ్చలముగా నుండును. ఇక మంద్రతంత్రిని కొంచెము వదులు చేసి మరల మీటుడు. కాగితము కదలదు. శ్రుతి తప్పిన తంత్రికి పిలుపు వినబడదు.

పియానో యను పాశ్చాత్యవాద్యమందును ఇదే ధర్మము. దానిని 1700 ప్రాంతమున ఇటలీయందు క్రిస్టోఫరీ నిర్మించెను. నేటి పియానోకు 88 మెట్లును, రెండువందలకు పైగా తంత్రులును గలవు. చాల తంత్రులను మెత్తనిదిమ్మలు అణచియుంచును. క్రిందిస్థాయి మెట్టును చప్పుడు కాకుండ నొక్కిపట్టినచో ఆ దిమ్మ లేచి తంత్రి స్వేచ్ఛ నొందును. అపుడు పై షడ్జమును కొట్టి విడిచినను, క్రింది తంత్రి ఆ స్వరమునే పలుకుచుండును.

విశాఖపట్టణమున బాల్యము గడపిన చంద్రశేఖర వేంకటరామన్ 1921లో వీణాతంబురల నాదమును పరిశోధించి ప్రకటించెను. తంత్రిని మీటిన చోట నిశ్చలబిందువు గల ఉపస్వరములు పుట్టవని పాశ్చాత్యుల సూత్రము. మన వాద్యములలో అవియు స్పష్టముగా వినవచ్చునని ఆయన కనుగొనెను. తంత్రులను మోయు పీట వాడిగా గాక, వంపుదేరిన వెడల్పుపలకయై యుండుటయే దీనికి కారణము. మన శిల్పులు చెవితో సాధించినదానిని ఆయన పరిశోధనతో వివరించెను.

అనునాదము అపాయమును తేగలదు. 1831లో ఇంగ్లండున బ్రౌటన్ వంతెనపై సైనికులు ఒక్కటే అడుగున నడువగా, ఆ లయకు వంతెన యూగి కూలెను. అప్పటినుండి వంతెనలపై సైనికులు అడుగు కలుపక నడుచుట ఆచారమైనది.

కావున పెద్దలకు నా విన్నపము. అటకపై నున్న పాతవీణ పలుకుట లేదని కట్టెలలో వేయకుడు. తేమకు కొయ్య ఉబ్బవచ్చును, ఎండకు మెట్ల మైనము జారవచ్చును, తంత్రి సడలవచ్చును. ముందు తెలిసినవారిచే మెట్లు సరిచేయించి, శ్రుతి కూర్పించి, కాగితపు పరీక్ష చేయుడు. ఆ ముక్క ఎగిరినచో వీణ ఇంకను జీవించియున్నదని నమ్ముడు.