కోపెక్ చెప్పే పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మనకు రూపాయికి పైసా ఎలాగో, రష్యావాళ్లకు రూబుల్‌కు కోపెక్ అలాగ. నూరు కోపెక్‌లు ఒక రూబుల్. ఇంత చిన్న నాణెం గురించి చెప్పడానికేముందంటారా? డబ్బుకు విలువ ఎక్కడినుంచి వస్తుందో దాని కథలో ఉంది.

అంచులు కత్తిరించి వెండి కాజేసేవాళ్ల బెడద ఎక్కువై, 1535లో బాలుడైన నాలుగో ఇవాన్ పేరిట పాలిస్తున్న తల్లి ఎలెనా గ్లిన్‌స్కాయా నాణేలను సంస్కరించింది. పుచ్చగింజంత వెండి బిళ్ల, దాని మీద బల్లెం పట్టిన రౌతు. రష్యన్‌లో బల్లెం అంటే ‘కొప్యో’. కోపెక్ పేరు దాన్నుంచే వచ్చిందంటారు.

నూరేళ్ల పైచిలుకు గడిచాక, పోలండ్‌తో యుద్ధానికి డబ్బు చాలక జార్ అలెక్సీ రాగితో కోపెక్‌లు వేయించాడు. వెండితో సమానమే అన్నాడు. సైనికుల జీతాలు రాగిలో ఇచ్చి, పన్నులు మాత్రం వెండిలో కట్టమన్నాడు. తానిచ్చిన నాణేన్ని తానే పుచ్చుకోకపోతే అంగడివాడు ఎందుకు పుచ్చుకుంటాడు? ధరలు మండిపోయాయి. 1662లో మాస్కో జనం తిరగబడ్డారు. వాళ్లను కర్కశంగా అణచివేసినా, మరుసటి ఏడే రాగి నాణేలు రద్దు చేయక తప్పలేదు.

1704లో పీటర్ ది గ్రేట్ వెండి రూబుల్, రాగి కోపెక్ వేయించి నూటి లెక్కను స్థిరపరిచాడు. మనం అణాలు వదిలి నయాపైసల్లోకి వచ్చింది 1957లో.

ఇంజనీరుగా నాకు ముచ్చటైనవి 1961 నాటి సోవియట్ నాణేలు. 1, 2, 3, 5 కోపెక్‌ల బిళ్లలు సరిగ్గా అన్నే గ్రాములు. తూకంరాళ్లు లేకపోతే చిల్లరతోనే తూచుకోవచ్చు. వీధి టెలిఫోనుకు రెండు కోపెక్‌లు, యంత్రం పోసే తీపి సోడాకు మూడు, మాస్కో మెట్రోకు అయిదు. ఆ మెట్రో ఛార్జీ 1991 దాకా ముప్పై ఏళ్లు మారలేదు.

ధరలు కదల్లేదు గానీ, చివరికి దుకాణాల్లో సరుకే కనబడకుండా పోయింది. 1992లో ధరల మీద అదుపు తీసేస్తే ఆ ఒక్క ఏడాదే ఇరవై రెట్లకు మించి పెరిగాయి. జీవితాంతం దాచుకున్న సొమ్ము కరిగిపోయింది. 1998లో రూబుల్‌కు మూడు సున్నాలు కొట్టేశాకే కోపెక్ మళ్లీ వచ్చింది.

‘కోపెక్కే రూబుల్‌ను కాపాడుతుంది’ అని రష్యన్ సామెత. దాచుకున్నవాళ్లు ఆ మాట పాటించారు. ఆ కోపెక్‌ను కాపాడవలసింది దాన్ని ముద్రించినవాళ్లు. పిల్లలకు పొదుపు నేర్పే గురువులు ఈ రెండో మాట కూడా చెప్పాలని నా మనవి.