క్రీడాంగణములకు కీర్తి యెట్లు వచ్చును?

స్టేడియము అను మాట నేడు మన పల్లెటూళ్ల పిల్లలకు సైతము పరిచితమైనదే. గ్రీకుభాషలో ఈ మాటకు మొదటి యర్థము కట్టడము కాదు. అది ఒక కొలత. ఆరువందల అడుగుల దూరమును గ్రీకులు 'స్టాడియన్' అనిరి. అంత దూరము పరుగెత్తు పందెమునకు ఆ పేరే వచ్చెను. పిమ్మట పందెము జరుగు నేలకును, చిట్టచివరకు నేలచుట్టు లేచిన కట్టడమునకును అదియే పేరయ్యెను. ఒలింపియాలోని ప్రాచీనమైన పరుగుబాట నేటి కొలతలలో సుమారు 192 మీటర్లు. అచ్చట నలుబది వేలకు పైగా జనము చేరెడివారని పండితుల యంచనా. అయినను వారికి ఆసనములు లేవు. న్యాయనిర్ణేతలకు మాత్రము రాతి పీఠములు కొన్ని యుండెను. తక్కినవారందరు మట్టిగట్లమీదనే కూర్చుండి చూచెడివారు. పరుగు ఆరంభమగు చోట పాతిన రాతిపట్టె నేటికిని నిలిచియున్నది. దూరదేశములనుండి వచ్చు యాత్రికులు దానిమీద పాదము మోపి, ఒక్క క్షణమైనను పరుగుపందెగాండ్రవలె వంగి నిలుచుందురు.

మేడలు లేని, పైకప్పు లేని, కూర్చుండుటకు పలకయైనను లేని ఆ చోటు ఇన్ని శతాబ్దముల పిదపను మనుష్యుల నాకర్షించుచున్నది. కోట్ల రూప్యములతో కట్టిన స్టేడియములు కొన్ని పదియేండ్లు గడవకమునుపే మరపున పడుచున్నవి. ఈ భేదమునకు కారణమేమి? ఒక క్రీడాంగణము జనుల మనస్సులో నిలుచుటకు ఏయే గుణములు కావలెను? ఈ ప్రసంగమున ఆ విషయమునే విచారింతము.

మొదట చెప్పవలసినది చూపును, వినికిడియు. ఎచ్చట కూర్చున్నవానికైనను ఆట కనబడవలెను. ఆటగానికి ప్రేక్షకుల యుత్సాహము వినబడవలెను. ఈ రహస్యము మన పూర్వులకు తెలియనిది కాదు. మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధానిగా వెలసిన విజయపురి, అనగా నాగార్జునకొండ లోయలో, 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములందు నాలుగు వైపుల ఇటుక మెట్లు గల యొక క్రీడాస్థలము బయల్పడెను. పడమటివైపున పెద్దలు కూర్చుండుటకు మండపము కూడ నుండెను. నాగార్జునసాగర జలములలో లోయ మునుగుటకు ముందు అచ్చటి కట్టడములలో కొన్నిటిని మెరకకు తరలించి మరల నిర్మించిరి. అట్లు నిర్మించిన మెట్ల ప్రేక్షకశాల యొకటి అనుపు వద్ద కలదు. నడుమ నిలిచి మెల్లగా పలికిన మాట పైమెట్టున నున్నవారికి సైతము వినబడునని దానిని చూచివచ్చినవారు చెప్పుకొందురు. ధ్వనివర్ధక యంత్రము లేని కాలపు నేర్పు అది. ఆటకును ప్రేక్షకునకును నడుమ దూరము పెరిగినకొలది అంగణమునకు ప్రాణము తగ్గునని ఆ శిల్పులు గుర్తించిరి.

రెండవది నేల స్వభావము. ప్రపంచములోని ప్రసిద్ధ స్థలములన్నియు అచ్చులో పోసినట్లు ఒక్క తీరున నున్నవి కావు. లండనులోని లార్డ్స్ మైదానమును చూడుడు. 1814 నుండి క్రికెట్టు జరుగుచున్న ఆ నేల సమతలము కాదు; ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు సుమారు ఎనిమిది అడుగులు వాలియుండును. ఇంజనీరులకు దానిని చదును చేయుట యెంతపని? అయినను చేయలేదు. ఒక కొసనుండి వేసిన బంతి వాలు ననుసరించి లోనికి వచ్చును. రెండవ కొసనుండి వేసినది వెలుపలికి పోవును. అచ్చట ఆడవచ్చిన ప్రతి ఆటగాడును మొదట ఆ వాలుతో పరిచయము చేసికొనవలసినదే. లోపమని తోచు దానిని నిలుపుకొనుటచేతనే ఆ స్థలమునకు ఒక వ్యక్తిత్వ మేర్పడెను. మదరాసు చేపాకములో మధ్యాహ్నము తిరిగిన పిదప వీచు సముద్రపు గాలియు, విశాఖపట్టణపు మధురవాడలో ప్రేక్షకశాలలకు వెనుక గోడవలె నిలిచిన కొండలును ఇట్టివే. సిమెంటును ఎచ్చటికైనను తీసికొనిపోవచ్చును గాని కొండను, సముద్రమును తీసికొనిపోజాలము కదా!

మూడవది చరిత్ర. ఏ మహత్తర సంఘటన ఏ నేలమీద జరుగునో ముందుగా నిర్ణయించుట యెవరితరము కాదు. హైదరాబాదు ఫతేమైదానమును తీసికొందము. 1687లో గోలకొండ ముట్టడినాడు ఔరంగజేబు సేనలు విడిసిన చోటగుటచే 'విజయక్షేత్ర'మను అర్థము గల ఆ పేరు వచ్చినదని ప్రతీతి. 1967లో దానికి లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. అచ్చట మొదటి టెస్టు ఆట 1955 నవంబరులో న్యూజీలాండుతో జరిగెను. హైదరాబాదు వాస్తవ్యుడగు గులాం అహ్మద్ ఆ యాటలో మన జట్టునకు నాయకుడు. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసెను. భారతీయుడొకడు టెస్టు ఆటలో రెండువందలు దాటుట అదియే ప్రథమము.

చిత్రమేమన, ఆ మైదానమున జరిగిన టెస్టులు మూడు. మూడింటను ప్రత్యర్థి న్యూజీలాండే. 1969లో జరిగిన రెండవ టెస్టులో మనవారు మొదటి విడత 89 పరుగులకే కూలిరి. రెండవ విడత 7 వికెట్లు పోగొట్టుకొని 76 పరుగులతో నిలిచియుండగా వాన వచ్చి ఆట నాపెను. ఆనాడు వాన రాకున్నచో అతిథులు క్రమమునే గెలిచియుండెడివారు. భారతదేశమున టెస్టు క్రమమును గెలుచుటకు వారు 2024 వరకు వేచియుండవలసి వచ్చెను! మూడవ టెస్టు 1988లో జరిగెను. పిమ్మట 1999 నవంబరు 8న అదే న్యూజీలాండుపై ఒకదినపు ఆటలో సచిన్ టెండూల్కర్, రాహుల్ ద్రావిడ్ ఇరువురును కలిసి 331 పరుగులు జోడించిరి. అది ఆనాటికి ప్రపంచములోనే అత్యధికము. 2010లో ఉప్పల్ నూతన స్టేడియమున మొదటి టెస్టు జరిగినప్పుడు వచ్చిన యతిథి యెవరనుకొందురు? మరల న్యూజీలాండే. ఇట్టి యాదృచ్ఛికములను ఏ శిల్పియు గీసి చూపజాలడు. కాలమే వానిని నేలమీద వ్రాయును. అట్లే విశాఖ మధురవాడ మైదానమున మొదటి అంతర్జాతీయపు ఆట 2005 ఏప్రిల్ 5న పాకిస్తానుతో జరుగగా, అప్పటికి అంతగా పేరు లేని మహేంద్రసింగ్ ధోనీ 148 పరుగులు చేసి ఒక్కపూటలో దేశమంతటికి తెలిసినవాడయ్యెను. క్రొత్త అంగణమునకు అంతకంటె శుభారంభము వేరొకటి యుండునా?

అయితే విజయములే స్మరణీయములని తలపరాదు. 1950లో ప్రపంచ ఫుట్‌బాలు పోటీలకై బ్రెజిలువారు రియో నగరమున మరకానా అను బ్రహ్మాండమైన అంగణమును కట్టిరి. జూలై 16న ఉరుగ్వేతో కడపటి ఆట. సమానముగా ముగిసినను బ్రెజిలే విజేత. టిక్కెట్లు కొని వచ్చినవారే 1,73,850 మంది యని లెక్క. బ్రెజిలు మొదటి గోలు చేసెను. ఉరుగ్వే సమము చేసెను. 79వ నిమిషమున ఘిజ్జియా అనునతడు రెండవ గోలు చేయగా అంతటి జనసముద్రము ఒక్కసారిగా మూగపోయెను. ఆ నిశ్శబ్దమే నేటికిని మరకానా కథలో ముఖ్యాధ్యాయము. గోలు కాపాడలేకపోయిన బార్బోసా 2000 సంవత్సరమున మరణించువరకు ఆ నిందను మోయవలసి వచ్చెను. క్రీడాంగణము కీర్తినే గాక క్రూరత్వమును కూడ గుర్తుంచుకొనును.

దీనికి ప్రక్కన చేపాకమును నిలిపి చూడుడు. 1952 ఫిబ్రవరిలో ఇంగ్లండుపై భారతజట్టు మొట్టమొదటి టెస్టు విజయము నచ్చటనే సాధించెను. వినూ మన్కడ్ ఒక విడతలో 55 పరుగులకు 8 వికెట్లు తీసెను. ఆంధ్ర జిల్లాలు ఆనాడింకను మదరాసు రాష్ట్రములోనివే గనుక ఆ సంతోషమున మనకును పాలున్నది. కాని చేపాకమునకు అంతకు మించిన గౌరవము 1999 జనవరి 31న ఒక ఓటమివలన కలిగెను. పాకిస్తానుతో జరిగిన టెస్టులో గెలుపునకు 271 పరుగులు కావలసియుండగా, సచిన్ నడుమునొప్పితో బాధపడుచునే 136 పరుగులు చేసి వెనుదిరిగెను. మనజట్టు 258 పరుగులకు ముగిసెను. పండ్రెండు పరుగుల దూరమున విజయము చేజారెను. అట్టి గడియలో ప్రేక్షకులు లేచి నిలుచుండి విజేతలకు కరతాళధ్వనులు చేసిరి. పాకిస్తాను క్రీడాకారులు మైదానముచుట్టు తిరిగి వారికి వందనము చేసిరి. ఆనాడు ఆటలో ఓడినను ఆ యూరు గెలిచినదని లోకము మెచ్చుకొనెను. ఏ స్టేడియమునకైనను ఉత్తమాలంకారము అందు కూర్చుండు ప్రేక్షకుడే.

ఈ సందర్భమున రేడియోను మరువరాదు. ఈ మైదానములను కన్నులార చూచినవారు వేలమంది. చెవులతో చూచినవారు లక్షలమంది. వ్యాఖ్యాత నోరు తెరవకమునుపే జనఘోష పెట్టెలోనుండి ఉప్పొంగెడిది. అది వికెట్టు పడిన ధ్వనియా, బంతి గిరిదాటిన ధ్వనియా యని ఇంటిల్లిపాదియు ఊపిరి బిగబట్టెడివారు. చేపాకమున ఏనాడును అడుగిడనివారు కూడ అచ్చటి కరతాళముల తీరును గుర్తుపట్టెడివారు. ప్రతి అంగణమునకును ఒక కంఠస్వర ముండునని వారికి బాగుగా తెలియును.

ఇక మిక్కిలి గంభీరమైన విషయమొకటి కలదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్, ఈస్టు బెంగాల్ జట్ల ఫుట్‌బాలు ఆటనాడు చెలరేగిన కలహములో, తొక్కిసలాటలో 16 మంది ప్రాణములు కోల్పోయిరి. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులో షెఫీల్డు నగరపు హిల్స్‌బరో అంగణమున ఇనుప కంచెలకు నొక్కుకొనిపోయి గాయపడినవారిలో 97 మంది మృతులైరి. ఆట చూడబోయినవారు ఇల్లు చేరకపోవుటకంటె దారుణ మేమున్నది? ఆ తరువాతనే ఇంగ్లండులోని పెద్ద అంగణములలో కంచెలు తీసివేసి, ప్రతివానికిని ఒక ఆసనము ఏర్పరచు విధానము నెలకొనెను. ద్వారములు విశాలముగా నున్నవా, మెట్లు వెడల్పుగా నున్నవా, ఆపద వచ్చినచో జనము ఎన్ని నిమిషములలో వెలుపలికి రాగలరు అనునవి పైకప్పు అందముకంటె ముందు ఆలోచింపవలసిన ప్రశ్నలు.

మన పట్టణముల సంగతి కొంచెము చెప్పి ముగింతును. ప్రతి పట్టణమునను ఏదో యొక మైదానము కలదు. ఒకచోట అది ప్రదర్శనశాలలకు, సభలకు పోగా మిగిలిన దినములలోనే ఆటకు దక్కుచున్నది. గుంజలు పాతిన గుంటలు పూడకముందే పిల్లలు పరుగెత్తి కాళ్లు బెణికించుకొందురు. మరియొకచోట చుట్టు గోడ లేచి, తలుపునకు తాళము పడి, లోపల పచ్చిక పెరుగుచుండ పిల్లలు వీధిలో బండ్లనడుమ బంతి యాడుచుందురు. లక్ష మంది కూర్చుండు స్టేడియము ఊరికొకటి కట్టుట సాధ్యము కాదు, అవసరమును కాదు. ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు తలుపులు తెరచియుంచుట సాధ్యము. రెండు చెట్ల నీడ, త్రాగునీరు, బాలికలకు మరుగు గల వసతిగది, సభలు ముగిసిన మరునాడే గుంటలు పూడ్చించు ఏర్పాటు సాధ్యములే. ఇవి పురపాలకసంఘములు తలచిన ఒక వేసవిలో పూర్తియగును.

ఉమ్రీగర్ ఆడిన నేలమీద ఆయనకంటె ముందు పేరు తెలియని బాలురెందరో ఆడియుందురు. మైదానము ముందు వారిది, తరువాతనే వీరులది. మీ యూరి మైదానము తలుపు తాళము ఎవరియొద్ద నున్నదో, ఏ వేళలకు తెరతురో రేపు ఉదయము విచారింపుడు. పిల్లలను వెంటబెట్టుకొనిపోయి అడిగినచో మరియు మంచిది.