పేరు చెడకుండా నాలుగు జాగ్రత్తలు

(సంస్థ వార్షిక సభలో కంప్యూటర్ శిక్షణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీ విరాళాలతో మన పిల్లలు వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకుంటున్నారు. ఆ పాఠాల్లో ఒకదాన్ని ఈరోజు మీ ముందు పెడుతున్నాం. ఉపకార వేతనానికైనా, ఉద్యోగానికైనా ఇప్పుడు చాలా దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే. పేరు తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా అవతలివారికి అదే పేరు కనిపించాలి. పేరు చెడితే ఆ దరఖాస్తు ఎవరిదో తెలియదు.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దొరికింది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. అయినా పేర్లు చెడుతున్నాయంటే లోపం అమరికలో ఉంటుంది. అది ఎక్కడుందో తెర చూసి చెప్పవచ్చని పిల్లలకు నేర్పుతున్నాం.

మొదటిది, ఖాళీ డబ్బాలు కనిపించడం. అంటే ఫాంట్ లేదు, అక్షరాలు భద్రంగానే ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు, నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. నస్తలీఖ్ ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి వరుసల మధ్య ఎడం బాగా పెంచాలి.

రెండోది, అర్థంలేని గుర్తులు కనిపించడం. బ్రౌజర్ పేజీని వేరే పద్ధతిలో చదువుతోందన్నమాట. పేజీ మొదటి 1024 బైట్లలోపే 'మెటా చార్‌సెట్ ఈక్వల్స్ యూటీఎఫ్-8' అనే ట్యాగ్ ఉండాలి. ఫైలునూ అదే పద్ధతిలో సేవ్ చేయాలి. విజువల్ స్టూడియో కోడ్‌లో ఆ సంగతి కింద కుడివైపు కనిపిస్తుంది.

మూడోది, వరుసగా ప్రశ్నార్థకాలు. ఇదే అన్నిటికన్నా ప్రమాదం. డేటాబేస్ పట్టిక లాటిన్1 పద్ధతిలో ఉంటే తెలుగు అక్షరం అందులో పట్టదు. కొన్ని అమరికల్లో దాని బదులు ప్రశ్నార్థకమే నిల్వ అవుతుంది. అలా పోయిన పేరును ఏ ఇంజినీరూ తిరిగి తేలేడు. అందుకే పట్టిక కట్టే రోజే యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోవాలి. పీహెచ్‌పీ నుంచి వెళ్లే కనెక్షన్‌కూ అదే చెప్పాలి.

నాలుగోది, పేరును తిప్పికొట్టడం. 'రహీం' అన్న పేరు మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో 4 గుర్తులు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. పీహెచ్‌పీలో 'స్ట్రెలెన్' 12 అంటుంది, 'ఎంబీ స్ట్రెలెన్' 4 అంటుంది. మొదటిదానితో కొలిచి పది దాటకూడదని నియమం పెడితే ఇంత చిన్న పేరు కూడా "చాలా పొడవు" అని తిరిగొస్తుంది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పేరు రాసే గడికి 'డిర్ ఈక్వల్స్ ఆటో' అని చేరిస్తే, రాసిన అక్షరాన్ని బట్టి బ్రౌజరే దిశ ఎంచుకుంటుంది.

ఈ సాధనాల్లో దేన్నీ కొనాల్సిన పని లేదు. జాంప్ అనే ఉచిత ప్యాకేజీ వేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పాత కంప్యూటర్ మీదే సాధన చేయవచ్చు. కాబట్టి మీ డబ్బు సాఫ్ట్‌వేర్‌కు కాదు, గురువుకూ కరెంటుకూ యంత్రాలకూ వెళుతుంది.

మీ నుంచి రెండు కోరుతున్నాం. ఇంట్లో మూలన పడివున్న పాత ఫోన్లు తరగతికి ఇవ్వండి. పేదవాడు తెరిచే పేజీని పేదవాడి ఫోన్‌లోనే పరీక్షించాలి కదా. మీ దుకాణానికో, బడికో వెబ్‌సైట్ చేయించినప్పుడు చివరి వాయిదా చెల్లించేముందు తెలుగులో ఒక పేరు, ఉర్దూలో ఒక పేరు నింపి పంపండి. మళ్లీ తెరిచి చూడండి. రెండు పేర్లూ రాసినవి రాసినట్టే ఉంటే డబ్బు ఇవ్వండి. లేదంటే సరిచేసి తెమ్మనండి.