సరస్సు ఒడ్డు పంతుళ్లు

అమెరికాలో మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే. యుద్ధాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న సైనికుల సమాధుల మీద పూలూ చిన్న జెండాలూ ఉంచే రోజు. అంతర్యుద్ధం ముగిశాక 1868లో మే 30వ తేదీతో దేశమంతటా వ్యాపించిన ఈ ఆచారం 1971 నుంచి చివరి సోమవారానికి మారింది. ఉత్తర మిన్నెసోటా, ఉత్తర విస్కాన్సిన్ సరస్సుల ఒడ్డున వేసవి వ్యాపారం ఊపందుకునేది కూడా ఆ రోజుల్లోనే. బళ్లకు సెలవులు దగ్గరపడేదీ అప్పుడే. సెప్టెంబరు మొదటి సోమవారం, కార్మిక దినోత్సవంతో, సరస్సుల దగ్గర సందడి తగ్గుతుంది, బళ్లు తెరుచుకుంటాయి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చినవారిలో కొందరి జీవితం ఈ రెండు పండుగలనూ గట్లుగా చేసుకుని పారింది. సైనికుడు, బడిపంతులు, చేపల వేటకు వచ్చేవారికి రిసార్ట్ నడిపిన యజమాని: ఆ ప్రాంతపు పత్రికల మరణవార్తల్లో ఒకే పేరు పక్కన ఈ మూడు మాటలూ కనిపిస్తాయి. చదివేవారికి అవి మూడు వేర్వేరు బతుకుల్లా తోస్తాయి. కానీ ఒకదాని అవసరం ఇంకొకదానికి దారితీయగా అల్లుకున్న ఒకే బతుకు అది.

ఆ అల్లిక యుద్ధం ముగియకముందే మొదలైంది. 1944 జూన్ 22న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సర్వీస్‌మెన్స్ రీఅడ్జస్ట్‌మెంట్ యాక్ట్‌ను జనం జీఐ బిల్లు అన్నారు. దాని తొలి ముసాయిదాను మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్‌కు చెందిన న్యాయవాది హ్యారీ కోల్మెరీ వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్లో కూర్చుని చేత్తో రాశాడు. దాని వెనుక ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1932లో మొదటి ప్రపంచ యుద్ధపు మాజీ సైనికులు తమకు రావలసిన బోనస్ కోసం రాజధానిలో గుడారాలు వేసుకుంటే, ప్రభుత్వం సైన్యంతోనే వాళ్లను తరిమించింది. ఈసారి తిరిగిరాబోయేవారు ఒక కోటీ యాభై లక్షలకు పైనే. వీళ్లు కూడా పనిలేక వీధినపడతారేమోనన్న భయం చట్టసభను కదిలించింది.

చట్టం ఏడాదికి 500 డాలర్ల వరకు చదువు ఖర్చు భరించింది. ఒంటరివారికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉన్నవారికి 75 డాలర్లు చేతికిచ్చింది. ఈ భత్యాన్ని తర్వాత పెంచారు. ఇల్లు, పొలం, వ్యాపారం కోసం తీసుకునే అప్పులో కొంత భాగానికి ప్రభుత్వం పూచీపడింది. 1956 నాటికి 78 లక్షల మంది చదువుకో వృత్తి శిక్షణకో ఈ చట్టాన్ని వాడుకున్నారు. అందులో 22 లక్షల మంది కాలేజీల్లో చేరారు. 1947లో అమెరికా కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. ఇంట్లో అంతకుముందు ఎవరూ హైస్కూలు దాటనివాళ్లు, పాతికేళ్లు పైబడినవాళ్లు, పెళ్లయి పిల్లలున్నవాళ్లు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల పక్కన బల్లల మీద కూర్చున్నారు.

మిన్నెసోటాలో బెమిడ్జి, మూర్‌హెడ్, సెయింట్ క్లౌడ్, మన్‌కేటో, వినోనా ఊళ్ల కాలేజీలకు అప్పట్లో టీచర్స్ కాలేజీలనే పేరు. పంతుళ్లను తయారుచేయడమే వాటి పని. 1957లోనే వాటి పేర్లలోంచి ఆ మాట తొలగింది. బెమిడ్జి కాలేజీ ఉన్నదే ఒక సరస్సు ఒడ్డున. చదువుకుంటూ కిటికీలోంచి నీళ్లు చూసినవాడు ఉద్యోగం వచ్చాక కూడా ఆ నీళ్లను వదులుకోలేకపోయాడంటే ఆశ్చర్యం లేదు.

ఉద్యోగాలకు కొదవ లేదు. 1946లో మొదలైన జననాల వెల్లువ కొద్ది ఏళ్లలోనే బడి గడప తొక్కింది. 1949-50లో రెండున్నర కోట్లున్న ప్రభుత్వ బడుల పిల్లల సంఖ్య పదేళ్లలో మూడున్నర కోట్లు దాటింది. పల్లెల్లోని ఒంటిగది బడులను కలిపి పెద్ద బడులు కట్టే పని కూడా అప్పుడే జోరందుకుంది. కలిసిన బడులకు లెక్కలు, సైన్సు, వడ్రంగం, వ్యాయామం చెప్పగల మగ పంతుళ్లు కావాలి. సైన్యంలో ఇంజన్లు విప్పి బిగించినవాడు వర్క్‌షాపు పాఠానికి పనికొచ్చాడు, పటాలు చదవడం నేర్చినవాడు భూగోళానికి పనికొచ్చాడు. జీతం మాత్రం చాలేది కాదు. 1949-50లో అమెరికాలో పంతులి సగటు జీతం ఏడాదికి సుమారు 3,000 డాలర్లు. వేసవి మూడు నెలలూ ఏదో ఒక పని చేయక తప్పదు. రంగులేసేవారు, గడ్డి కోతకు వెళ్లేవారు, వంటచెరకు కొట్టేవారు. సరస్సు దగ్గర పుట్టినవారికీ, అక్కడ అత్తవారిల్లున్నవారికీ మరో దారి కనిపించింది.

సరస్సుల ఒడ్డున విడిది ఇళ్లు కొత్తేమీ కాదు. కలప కొట్టేవాళ్లు అడవిని నరికి వెళ్లిపోయాక, రైలు మార్గాల వెంట, ఆపైన 1920ల్లో మోటారు రోడ్ల వెంట అవి మొలిచాయి. మొద్దులు పేర్చి కట్టిన చిన్న చెక్క ఇళ్లు, కిరోసిన్ దీపాలు, చలికాలంలో సరస్సు నుంచే కోసి రంపపుపొట్టులో దాచిన మంచుగడ్డలు. యుద్ధకాలపు పెట్రోలు రేషన్ 1945 ఆగస్టులో ఎత్తేయగానే షికాగో, అయోవా, నెబ్రాస్కాల నుంచి కార్లు ఉత్తరానికి బారులు తీరాయి. 1948లో మిన్నెసోటా గవర్నరే వేట సీజన్ తొలిరోజున గాలం వేసే ఆనవాయితీ మొదలైంది. అది పర్యాటకుల కోసం తలపెట్టినదే. 1950 నుంచి కార్ల నంబరు పలకల మీద పదివేల సరస్సులన్న మాట ఎక్కింది. పది ఎకరాలకు మించినవి లెక్కిస్తే ఆ రాష్ట్రంలో ఉన్న సరస్సులు 11,842.

యుద్ధపు సామగ్రి కూడా సరస్సుకు చేరింది. ఆ చేరిక ఈ తరం కథకు అచ్చంగా సరిపోతుంది. యుద్ధవిమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ అదే అల్యూమినియం రేకుతో 1945లో కనూ పడవలు చేయడం మొదలుపెట్టింది. మినియాపొలిస్‌లో ఆల్యుమాక్రాఫ్ట్, న్యూయార్క్ మిల్స్ అనే చిన్న ఊళ్లో లుండ్ కంపెనీ 1940ల చివర పడవలు చేసి అమ్మాయి. పారాచూట్లకు వాడిన నైలాన్ గాలపు తీగగా మారింది. చెక్క పడవలకు ఏటేటా సందులు పూడ్చి, రంగు వేయాలి. రేకు పడవకు ఆ తిప్పలు లేవు. పది పడవలున్న పంతులికి వసంతంలో దానివల్ల మిగిలే వారాంతాలు చిన్న విషయం కాదు.

అలాంటి రిసార్ట్ యజమాని ఏడాది ఏప్రిల్లో మొదలవుతుంది. సరస్సు మీది మంచుగడ్డ ఒక్కోచోట ఏప్రిల్లో, ఉత్తరాన ఒక్కోసారి మే మొదట్లో విడిపోతుంది. పైకి లాగి ఉంచిన చెక్క రేవును మళ్లీ ముక్కలు ముక్కలుగా నీళ్లలో నిలబెట్టాలి. అప్పుడు నీళ్లు ఎముకలు కొరికే చలి. చలికి పగలకుండా శరదృతువులో ఖాళీ చేసిన నీటి గొట్టాలను కలిపి, ఎక్కడ కారుతున్నాయో వెతకాలి. ఇదంతా బడి గంట కొట్టాక సాయంత్రాల్లో, శనాదివారాల్లో జరగవలసిన పని. వాలై చేపల వేట మెమోరియల్ డే వారాంతానికి రెండు వారాల ముందరి శనివారం మొదలవుతుంది. బడి ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ రెండు మూడు వారాలు పంతులు రెండు చోట్లా ఉండాలి, కాబట్టి రిసార్ట్‌లో ఉండేది భార్య.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మరణవార్తల్లో యజమాని అని భర్త పేరే పడింది. రిసార్ట్ నిలిచింది మాత్రం భార్య చేతుల మీద. బుకింగుల ఉత్తరాలకు జవాబులు, జమాఖర్చులు, దుప్పట్లు ఉతకడం, శనివారం ఉదయం ఒక కుటుంబం ఖాళీ చేసి మధ్యాహ్నం మరో కుటుంబం దిగేలోగా ప్రతి చెక్క ఇంటినీ తుడిచి, మంచాలు సర్ది, పొయ్యి రుద్ది సిద్ధం చేయడం ఆమె పని. పిల్లలు పడవల్లో నిలిచిన నీళ్లు తోడేవారు, ఎర్రలు తవ్వేవారు, ఎరకు చిన్న చేపల్నీ జలగల్నీ లెక్కపెట్టి డబ్బాల్లో పోసేవారు. భోజనం కూడా పెట్టే పద్ధతిని అమెరికన్ ప్లాన్ అనేవారు. చాలా చిన్న రిసార్టుల్లో అది సాగలేదు. వచ్చినవాళ్లే వండుకునే హౌస్‌కీపింగ్ పద్ధతి ఒక్క కుటుంబం నెట్టుకురాగలిగింది.

పంతులి పని రేవు దగ్గర. తెల్లవారకముందే మోటార్లలో పెట్రోలు పోయాలి. ఏ రాతిగుట్ట దగ్గర, ఎంత లోతులో, ఏ గాలికి వాలై దొరుకుతుందో చెప్పాలి. మసక వెలుతురులోనూ బాగా చూడగల ఆ చేప పొద్దుగూకే వేళ ఒడ్డుకు దగ్గరగా మేతకు వస్తుంది. మిన్నెసోటా 1965లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. నార్తర్న్ పైక్ అనే చేప దొరికితే దాని నడుమనున్న సన్నని వై ఆకారపు ముళ్లు తీయడం ఒక విద్య. చేపలు కోసే గదిలో పట్నం పిల్లలకు కత్తి పట్టడం నేర్పింది చలికాలమంతా సుద్దముక్క పట్టిన చెయ్యే. ముడి వేయడం, గాలం విసరడం, చిన్న చేపను నొప్పించకుండా తిరిగి నీళ్లలో వదలడం చూపించాలి. సరిగ్గా వచ్చేదాకా చెప్పిందే చెప్పాలి. పంతులికి అలవాటైన ఓపికే వేసవిలోనూ కావలసి వచ్చింది.

యుద్ధం గురించి ఈ తరం ఇంట్లో పెద్దగా నోరు విప్పలేదని వారి పిల్లల జ్ఞాపకాలు పదేపదే చెబుతాయి. మనసుకు తగిలిన దెబ్బను అప్పట్లో పోరాట అలసట అనేవారు. అమెరికా మనోవైద్యుల అధికారిక గ్రంథంలోకి పీటీఎస్‌డీ అనే పేరు 1980లోనే చేరింది. తెల్లవారుజామున పడవలో ఒంటరిగా గడిపిన గంటలు వాళ్లకు ఏమిచ్చాయో కొలిచే సాధనం లేదు. అయితే 2005లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో గాయపడిన సైనికులకు గాలం వేట నేర్పే ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ మొదలైంది. దాన్ని ప్రారంభించిన ఎడ్ నికల్సన్ నౌకాదళ విశ్రాంత అధికారి.

ఈ చరిత్రలో అందరికీ చోటు దొరకలేదు. జీఐ బిల్లు అక్షరాల్లో రంగు ప్రసక్తి లేకపోయినా, అమలు స్థానిక బ్యాంకుల, అధికారుల చేతిలో ఉంది. 1947 వేసవి నాటికి మిసిసిపీలో పూచీపడిన 3,229 అప్పుల్లో నల్లజాతి మాజీ సైనికులకు దక్కినవి రెండు. అడుగుపెట్టనిచ్చే విడుదులు అరుదు కాబట్టే మిషిగన్ అడవుల్లో 1912లో మొదలైన ఐడిల్‌వైల్డ్ నల్లజాతి కుటుంబాలకు విహారస్థలంగా వెలిగింది. ఇక ఉత్తర మిన్నెసోటా సరస్సుల ఒడ్డు భూమి ఒజిబ్వే ఆదివాసీలది. 1889 నాటి నెల్సన్ చట్టం, రిజర్వేషన్లు అనే వారి ప్రాంతాల భూమిని కమతాలుగా పంచి, మిగిలినదాన్ని బయటివారికి తెరిచింది. లీచ్ లేక్ వంటి రిజర్వేషన్ల సరిహద్దుల్లోనే రిసార్టులు వెలిశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 44 వేల మంది ఆదివాసీ అమెరికన్లు సైన్యంలో పనిచేశారు. యుద్ధం చేసి వచ్చిన ఒజిబ్వే యువకుడు తన తాతల సరస్సు దగ్గర అద్దె పడవలను చూడవలసి వచ్చింది. మిల్ లాక్స్ ఒజిబ్వేలకు 1837 ఒప్పందం ఇచ్చిన వేట హక్కు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 1999లో, అదీ అయిదుగురు న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటు నిలిచిన తీర్పుతో.

రిసార్టుల మీద ఇంకో పోరాటం కెనడా సరిహద్దు అడవుల్లో జరిగింది. యుద్ధం తర్వాత నీటిమీద దిగే విమానాలు పెరిగి, రోడ్డులేని సరస్సుల దగ్గరి విడుదులకు వేటగాళ్లను చేరవేశాయి. ఈలీ అనే గనుల ఊరు ఆ రాకపోకలకు కేంద్రమైంది. వాటిని అడ్డుకున్నవారిలో ముఖ్యుడు సిగర్డ్ ఓల్సన్. ఆయనా పంతులే. ఈలీ జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పి, డీన్‌గా పనిచేశాడు. వేసవుల్లో కనూ యాత్రలకు దారి చూపాడు, వాటికి సరంజామా సమకూర్చే సంస్థలో భాగస్వామి. 1945లో ఇంగ్లండులో ఇంటికి మళ్లే ఓడల కోసం ఎదురుచూస్తున్న అమెరికన్ సైనికులకూ పాఠాలు చెప్పాడు. 1948లో ఆ అడవిలోని ప్రైవేటు స్థలాలు కొనడానికి చట్టసభ డబ్బు మంజూరు చేసింది. 1949 డిసెంబరులో అధ్యక్షుడు ట్రూమన్ అక్కడ సముద్రమట్టానికి 4,000 అడుగుల లోపు విమానాలు ఎగరకూడదని ఆదేశించాడు. బతుకుతెరువు పోయిన రిసార్ట్ యజమానుల కోపం దశాబ్దాల పాటు చల్లారలేదు. 1977లో ఈలీలో ఓల్సన్ దిష్టిబొమ్మను ఉరితీశారు. అడవి నిలవాలన్న ఆయన మాట నెగ్గింది. పోగొట్టుకున్నవారి బాధా నిజమే.

మిగతా చోట్ల రిసార్టులను మూయించింది చట్టం కాదు, ఒడ్డు ధర. యజమానికి అరవై ఏళ్లు వచ్చేసరికి, ఒకప్పుడు కొద్ది డాలర్లకు అద్దెకిచ్చిన చెక్క ఇళ్ల కింది నేల వ్యాపారం కంటే ఎన్నో రెట్లు విలువైపోయింది. భూమి పన్ను ఆ ధర మీదే పడింది. 1969లో మిన్నెసోటా చేసిన ఒడ్డు రక్షణ చట్టం మురుగు ఏర్పాట్లకు కట్టుదిట్టమైన నియమాలు తెచ్చింది. నియమాలు మంచివే, ఖర్చు మాత్రం చిన్న యజమానిది. పిల్లలు పట్నాల్లో స్థిరపడ్డారు. స్థలాన్ని ముక్కలు చేసి, ఒక్కో చెక్క ఇంటినీ ఒక్కో కుటుంబానికి అమ్మేయడం సులువైన దారి అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన కోటీ అరవై లక్షల మంది అమెరికన్లలో 2024 నాటికి బతికున్నవారు లక్ష లోపే.

కార్మిక దినోత్సవానికి ముందు బడులు తెరవకూడదన్న నియమం మాత్రం కొన్ని మినహాయింపులతో మిన్నెసోటా చట్టంలో ఇంకా ఉంది. దాన్ని నిలబెట్టాలని పట్టుబట్టేవారిలో రిసార్ట్ యజమానులదే పెద్ద గొంతు.