బాహూరు విద్యాస్థానము – మా ఇంటి బడి
(కార్తిక వనభోజనముల నాడు బాహూరులో చేసిన ప్రసంగపాఠము)



భోజనములకు ముందు మాటలాడువాడు క్లుప్తముగా ముగింపవలెననియు, భోజనానంతరము మాటలాడినచో వినువారు మేలుకొని యుండరనియు మన కార్యదర్శిగారు ముందుగనే హెచ్చరించిరి. కనుక నేరుగా విషయమునకు వచ్చెదను. మా అమ్మాయిని ఏడవ తరగతి తరువాత బడి మాన్పించి మూడు సంవత్సరములు ఇంటివద్దనే చదివించితిమి. ఈ సంగతి తెలిసిన మిత్రులు కొందరు మెచ్చుకొనిరి. కొందరు పిల్ల బ్రతుకుతో ఆటలాడుచున్నారని మందలించిరి. ఆ ఇరుపక్షములవారికిని సమాధానము చెప్పుటకు ఈ ఊరికంటె తగిన చోటు లేదు.

మనము విస్తరులు వేసికొనబోవుచున్న ఈ బాహూరులో వేయేండ్లకు పూర్వమే ఒక మహావిద్యాలయము వర్ధిల్లినది. తొమ్మిదవ శతాబ్దిలో పల్లవరాజైన నృపతుంగవర్మ తన ఎనిమిదవ పాలన సంవత్సరమున, నిలైతాంగి యను సామంతుని కోరికపై, చెట్టుప్పాక్కము, విళంగాట్టంగడువనూరు, ఇఱైప్పునైచ్చేరి అను మూడు గ్రామములను ఇచటి విద్యాస్థానమునకు విద్యాభోగముగా ఇచ్చినట్లు బాహూరు తామ్రశాసనము చెప్పుచున్నది. నాలుగు వేదములు, ఆరు అంగములు, మీమాంస, న్యాయము, ధర్మశాస్త్రము, పురాణము – ఇవి చతుర్దశ విద్యలు. వాటిని చదువువారి, చెప్పువారి పోషణకై ఏర్పడిన దానమది. మనలో అనేకులు ఈ దారిన పోవుచు వచ్చుచు ఉందురు గాని, చెరువును చూచినంతగా ఈ చరిత్రను చూచినవారు అరుదు.

ఇక మా ఇంటి సంగతి. కేంద్రప్రభుత్వోద్యోగికి బదిలీ క్రొత్త కాదు. ఏడవ తరగతి ముగియునప్పటికి మా అమ్మాయి మూడు రాష్ట్రములు, నాలుగు బడులు చూచినది. ఊరు మారినప్పుడెల్ల ద్వితీయ భాష మారినది. ఒకచోట నేర్చిన అక్షరములు మరియొకచోట అక్కరకు రాలేదు. పుదుచ్చేరికి వచ్చిన సంవత్సరము ఆమె తన అమ్మమ్మకు ఒక ఉత్తరము వ్రాసినది. మాటలు తెలుగువి, అక్షరములు ఇంగ్లీషువి. వారము దినములకు ఆ ఉత్తరము మరియొక కవరులో మాకే తిరిగి వచ్చినది. అడుగున అమ్మమ్మ చేవ్రాలుతో ఒక్క వాక్యము: ‘నాకు చదువరాలేదు, చదివి పెట్టువారెవరును ఇంట లేరు.’ ఆ రాత్రి నా భార్యయు నేనును చాలసేపు నిదురపోలేదు.

చట్టమేమనునో ముందు విచారించితిని. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వయస్సు పిల్లలకు వర్తించును. అందు ‘నిర్బంధ’ మను మాట ప్రధానముగా ప్రభుత్వమును బంధించునది. పిల్లను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధియని పదవ సెక్షను చెప్పును గాని, చేర్పని తల్లిదండ్రులకు దండన విధింపలేదు. ఇంటి చదువును పేరెత్తి అనుమతింపలేదు, పేరెత్తి నిషేధింపలేదు. ఈ మౌనమును అనుజ్ఞగా భావింపవచ్చునా యని నాకు శంక కలిగెను. ఫైళ్లమధ్య బ్రతుకువానికి వ్రాతమూలకమైన ఉత్తరువు లేక నిదురపట్టదు గదా! తుదకు మాకు ఊతయైనది జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ. 1989లో ఏర్పడిన ఈ సంస్థ, 14 ఏండ్లు నిండినవారిని పదవ తరగతికి సమానమైన పరీక్షకు చేర్చుకొనును. అయిదు విషయములు చాలును. వానిలో రెండు వరకు భాషలు కావచ్చును. మేము తెలుగు, సంస్కృతము, గణితము, విజ్ఞానము, సాంఘికము ఎన్నుకొంటిమి. పండ్రెండవ ఏట మొదలిడుటచే పరీక్షకు ముందు రెండేండ్ల అవకాశము దొరకినది. ఆ రెండేండ్లు పూర్వపద్ధతిలో నడపవలెనని నా సంకల్పము.

ఆ సంకల్పమే మొదటి తప్పునకు కారణము. ఉదయము అయిదు గంటలకు లేపి అమరకోశము వల్లెవేయించితిని. శబ్దమంజరి, సుమతీశతకము, పెద్దబాలశిక్ష వరుసగా పెట్టితిని. ఆరు మాసములలో పిల్ల ధారాళముగా అప్పజెప్పుచుండెను. అర్థమడిగినచో నావైపు చూచెను. నాకు బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో వ్రాసిన నివేదిక జ్ఞప్తికి వచ్చినది. ఆ జిల్లాలో 533 బడులుండగా వానిలో 226 తెలుగు బడులు. ఇసుకపై అక్షరములు దిద్దించుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట మున్నగువానిని మెచ్చుకొనిన ఆయనయే, పిల్లలు అర్థమెరుగక పద్యములు వల్లించుచున్నారని విచారించెను. ఇన్నూరేండ్ల వెనుకటి దోషమును నేను నా వంటింటి ప్రక్కగదిలో శ్రద్ధగా పునఃప్రతిష్ఠించితినన్నమాట.

దీనిని సరిదిద్దినది నా భార్య. ఒక ఆదివారము అమరకోశములోని వారివర్గమును చేతబట్టుకొని, మా ఇరువురిని ఈ బాహూరు చెరువు గట్టునకు తీసికొని వచ్చినది. చెరువును చూపి కోశములో దాని పేరు వెదకుమన్నది. బురద, ఒడ్డు, అల, తామర – ఒక్కొక్కదాని ముందు నిలిచి పేరు చదివించినది. గట్టుపై ఒక ముదుసలి రైతు కూర్చుండియుండెను. ఆయన ఇంటిలో తెలుగు మాటలాడుదురట; తెలుగు వ్రాత మాత్రము రాదట. నీరు విడుచు ద్వారమును మేము తూమంటిమి. ఆయన మదగు అనెను. పొంగునీరు పోవుచోటును మేము కలుజనగా ఆయన కలింగు అనెను. ‘రెండును ఒక తల్లి బిడ్డలే తాతా!’ అని మా అమ్మాయి చప్పట్లు కొట్టినది. అది మొదలు వల్లెవేయుట తగ్గినది, వెదకుట హెచ్చినది.

తిరుగుప్రయాణమున ఆ పిల్ల ఒక ప్రశ్న వేసినది: ‘నాన్నగారూ, ఆ విద్యాస్థానములో నన్ను చేర్చుకొనియుందురా?’ నా యొద్ద సమాధానము లేదు. కాంబెల్ లెక్కలో 6,641 మంది విద్యార్థులుండగా బాలికలు 60 మంది మాత్రమే. మన్రో 1826లో చేసిన సమీక్షలో, మద్రాసు పట్టణమున ఇండ్లలో చదువుకొనువారు బడులలో చదువుకొనువారికి అయిదు రెట్లకు పైగా కలరని చెప్పబడినది. ఇంటి చదువు మనకు అనాది యని వాదించుటకు ఈ లెక్క మిక్కిలి అనుకూలమే. ఐనను ఆ ఇండ్లలో పీటవేసికొని కూర్చున్నవారిలో ఆడపిల్లలు ఎందరు? పూర్వవిద్యను పొగడునపుడెల్ల నాకిప్పుడు ఆ ప్రశ్న వినబడుచున్నది. అందుచే మా పాఠక్రమము చతుర్దశ విద్యలను అనుకరింపలేదు. ఉదయము గణితవిజ్ఞానములు నా వంతు, మధ్యాహ్నము భాషలు తల్లి వంతు. సాయంకాలము పోతన భాగవతమును ముగ్గురమును కలిసి చదివితిమి.

నష్టములు చెప్పక దాచుట న్యాయము కాదు. ఆటకు తోడులేక పిల్ల మేడపై ఒంటరిగా తిరిగిన సాయంకాలములు కలవు. నా భార్య తన సంగీతపాఠములు మానుకొనవలసి వచ్చినది. ఇది నా లెక్కలో నేను ముందుగా వేయని ఖర్చు. పిల్లల విద్యాభత్యమునకు పాఠశాలాధిపతి ధ్రువపత్రము కావలెను. మా పాఠశాలాధిపతి వంటింటిలో నున్నది; ఆమె సంతకము అకౌంట్సు శాఖకు చెల్లదు! విజ్ఞానప్రయోగములలో మేము చాల వెనుకబడితిమి. ఇద్దరు తల్లిదండ్రులును ఉద్యోగములకు పోవు ఇంట ఇది సాధ్యమని నేను చెప్పజాలను.

పదవ తరగతి పరీక్ష ముగిసిన దినముననే మా అమ్మాయి, ‘ఇక బడికి పోయెదను, నాకు స్నేహితులు కావలెను’ అన్నది. పంపితిమి. ఇప్పుడు అందరితోపాటు సైకిలుపై పోవుచున్నది.

ఇంటి బడి మొదలైన రెండవ సంక్రాంతికి ఆమె అమ్మమ్మకు తెలుగులో నాలుగు పుటల ఉత్తరము వ్రాసినది. ఈ చెరువు, ఆ ముదుసలి రైతు, తూము, కలుజు అన్నియు అందు కలవు. అదియు తిరిగివచ్చినది; ఈసారి ఎర్రసిరాతో పదునొకండు తప్పులు దిద్ది, ప్రక్కనే క్రొత్త ఉత్తరముతో.